కొసరు చుట్లు

1వ రోజు

పద్నాలుగో దిబ్బ బడిలో పని పాఠం చెప్పబోయే వారికి, తొమ్మిదో దిబ్బ నుంచి సైకం పోతురాజు నమస్కారాలు.

ముందుగా నా రాతకి క్షమించాలి. నా చదువు అయిదో తరగతితో ఆగింది. చేతులు వణుకుతాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ అనుమానమే. హసీనా అని మా క్లాసు పిల్ల, కాగితాలు చూసి తప్పులు దిద్దుతానంది. దిద్దగా మిగిలినవి నావి.

మా హెడ్మిస్ట్రెస్ దీవెనమ్మ గారు ఇదంతా గోడపెట్టెకి చెప్పమన్నారు. అది విని తనే అచ్చు వేసి ఇస్తుందన్నారు. వెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాను. "చెప్పండి" అంది. నాకు మాట రాలేదు. మళ్ళీ "చెప్పండి" అంది. వచ్చేశాను. అందుకే కాగితం.

మీ బడిలో కూడా ఈ క్లాసు పెడుతున్నారట. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాసి పంపితే మీకు పనికొస్తుందని దీవెనమ్మ గారి మాట. పనికొస్తుందో రాదో నాకు తెలియదు. రాస్తాను.

సముద్రం ఎక్కని మెరక నేల నుంచి వచ్చే సామాన్ల పడవ పోయినేడు దాకా పదిహేను రోజులకోసారి వచ్చేది. ఇప్పుడు మూడు నెలలకోసారి. జాబితాలో మోటార్లు కొట్టేశారు. మీకూ అంతే అయి ఉంటుంది. అందుకే పెద్ద క్లాసు పిల్లలకి ఒక చేతిపని, దానితో పాటు సొంతంగా దుకాణం నడిపే తీరు నేర్పాలని దిబ్బల సంఘం తీర్మానించింది. వంద రోజుల్లో పిల్లల దుకాణం ఒకటి నిలబడాలి. నిలబడితే పాసు.

నన్నెందుకు పిలిచారంటే, పడవలు మొదలవక ముందు మా మేనమామ దగ్గర ఎనిమిదేళ్ళు మోటార్లు చుట్టాను. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పని లేదు. ఏది చెడినా తిరుగు పడవలో పెడితే కొత్తది వచ్చేది. ఆ చెడినవాటిని పడవకెక్కించే పని నాకిచ్చారు. ఇప్పుడు ఈ దిబ్బ మీద మోటారు లోపల చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

క్లాసులో ముగ్గురు. ఇసాకు, నీలవేణి, హసీనా. ముగ్గురికీ పదిహేనేళ్ళు. ఇవాళ పేర్లు అడిగాను. గంట కొట్టారు.

3వ రోజు

తాడుకి ముడి వెయ్యడం చూపించాను. ముగ్గురూ వేశారు. వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం?" అన్నాను.

"అది సరే అనలేదు కదా తాతా" అంది నీలవేణి. అది అంటే గోడపెట్టె.

వాళ్ళ చిన్నప్పటి నుంచి అంతేనట. లెక్క చేసినా, బొమ్మ వేసినా, అన్నం వార్చినా పెట్టె చూసి "సరే" అంటుంది. అన్నాక రెండో పని. మా పని గదిలో పెట్టె లేదు.

"లాగి చూడు" అన్నాను.

లాగింది. ముడి ఊడింది. నీలవేణి నా వంక చూసి, "ఊడితే ఊడిందని నోటితో చెప్పొచ్చుగా, లాగించడం దేనికి?" అంది.

ఇసాకు పడీ పడీ నవ్వాడు. వాడి ముడి కూడా ఊడింది.

6వ రోజు

దుకాణం పాఠం. బడి తొట్టిలో పెంచిన రొయ్యల్ని పిల్లలే ఎండబెట్టారు. బడి గేటు ముందు గోనెపట్టా పరిచి అమ్మమన్నాను. తీసుకున్నవాళ్ళు బదులుగా గుడ్లో, దారపు ఉండలో, సున్నమో, ఏదో ఒకటి ఇవ్వాలి.

మన పిల్లలకి అడగడం రాదు. ఎవరికీ ఎప్పుడూ ఏదీ అమ్మలేదు. జాబితాలో రాస్తే పడవలో వచ్చేది. మొదట వచ్చిన ఆవిడకి హసీనా శేరు రొయ్యలు పోసి ఊరుకుంది. ఆవిడ సంచీ పట్టుకుని వెళ్ళిపోయింది.

"బదులు అడగవే?" అంది నీలవేణి.

"సిగ్గేసింది. నువ్వడుగు."

"నేనెందుకు? పోసింది నువ్వు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకూ సిగ్గే. నేల చూశాను.

రెండోసారి ఒకాయన వచ్చాడు. ఈసారి శేరు నేను కొలిచాను. కొలిచాక ఒక గుప్పెడు తీసి పైన వేశాను. ఆయన సంచీలో పైన పడిన గుప్పెడు రొయ్యల్ని చూసుకుని, "ఇదేంటి, ఎక్కువొచ్చింది" అన్నాడు.

"కొసరు" అన్నాను.

ఆయన అడక్కుండానే రెండు గుడ్లు తీసి పట్టా మీద పెట్టాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన వెళ్ళాక ఇసాకు అడిగాడు. "అది ఎందుకేశారు తాతా?"

ఎందుకో నేను ఎన్నడూ ఆలోచించలేదు. మా మామ వేసేవాడు. సంతలో అందరూ వేసేవారు. "కొలత అయ్యాక కొసరు వెయ్యాలి. వెయ్యకపోతే మనిషి మళ్ళీ రాడు" అన్నాను.

అంతే చెప్పాను. ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది. అది తర్వాత తెలిసింది.

9వ రోజు

రొయ్యలకి వరస కట్టారు. పడవ సామాను తూచి పంచేదీ గోడపెట్టే, అది ఎప్పుడూ గ్రాము అటూ ఇటూ ఇవ్వదు. పిల్లలు గుప్పెడు వేస్తున్నారు. దానికోసమే రెండు వీధుల అవతల నుంచి వస్తున్నారు.

గట్టు పెద్ద సత్యానందం కూడా వచ్చాడు. సముద్రపు గట్టు, దాని మీది మోటార్లు ఆయన చూసుకుంటాడు.

"ఏం బాబాయ్, నోరు లేకుండానే దుకాణం పెట్టించావంటగా" అన్నాడు నాతో.

"ఆయన నోరు మేమే లెండి" అంది నీలవేణి. "శేరా, అరశేరా?"

"అరశేరు. కొసరు మాత్రం శేరుకిచ్చేదంత ఇవ్వాలి."

"అయితే శేరే తీసుకోండి, బాధ ఉండదు."

ఇసాకు రెండు చేతులూ కలిపి దోసెడు పోశాడు. హసీనా నాలుగు రొయ్యలు లెక్కపెట్టి పెట్టింది. నీలవేణి వచ్చిన మనిషిని బట్టి వేస్తుంది. ముగ్గురిదీ కొసరే. ఎవరి చెయ్యి వాళ్ళది.

12వ రోజు

ఉదయం గట్టు మీద మూడో మోటారు ఆగిపోయింది. వాసన బడి దాకా వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళయినా ఆ వాసన మరవలేదు. తీగ కాలిన వాసన.

మీ దిబ్బ మాకన్నా ఎత్తని విన్నాను. మాది పల్లం. గట్టు అవతల సముద్రం, గట్టు కింది నుంచి ఊట. మూడు మోటార్లు ఆ నీళ్ళని బయటికి తోడుతుంటేనే మాకు నేల. మామూలు రోజుల్లో రెండు చాలు. ముప్ఫై నాలుగో రోజు పున్నమి. ఏడాదిలోకెల్లా పెద్ద పోటు ఆ ఉదయం వస్తుంది. దానికి మూడూ తిరగాలి.

తిరగకపోతే సత్యానందం కింది వీధికీ పై వీధులకీ మధ్యనున్న లాకు తలుపు దించాలి. దించితే మూడు వీధులు దక్కుతాయి. కింది వీధి దక్కదు. అక్కడ ఇరవై రెండు ఇళ్ళు. ఉప్పునీళ్ళు మూడు రోజులు నిలిస్తే మట్టిగోడలు ఆగవు. గోడలు పడిన ఇంటిని మెరక వాళ్ళు జాబితాలోంచి తీసేసి, మనుషుల్ని తీసుకుపోయి రేకుల షెడ్లలో ఉంచుతారు.

చివర్నుంచి రెండో ఇల్లు నీలవేణిది. అమ్మా, నాయనమ్మా, తనూ.

మధ్యాహ్నం నీలవేణి మిగిలిన ఇద్దర్నీ, నన్నూ వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళింది. "ఆ మోటారు మేము చేస్తాం" అంది సత్యానందంతో.

"రొయ్యలు అమ్ముకునే పిల్లలు మోటారు చేస్తారా?"

"రొయ్యలు మానేస్తాం."

"బదులు ఏం కావాలి?" అన్నాడాయన నవ్వుతూ.

ఈసారి హసీనా అడిగింది. మొహం ఎర్రబడింది గానీ అడిగింది. "లోపల కాలిన రాగి మాకు. దుకాణానికి పనికొస్తుంది."

"చేశాక మళ్ళీ చెడితే?"

ముగ్గురూ నన్ను చూశారు. చెప్పక తప్పలేదు.

"మళ్ళీ చేస్తాం" అన్నాను.

సత్యానందం నవ్వు మానేశాడు. "బాబాయ్ రెండు మాటలు పలికాడంటే ఒప్పందం అయినట్టే" అన్నాడు.

15వ రోజు

మోటారు విప్పాం. లోపలి దొప్ప చుట్టూ ముప్ఫై ఆరు గాళ్ళు, అంటే తీగ దిగే సందులు. గాళ్ళలో పద్దెనిమిది కాయిల్స్. ఆరేసి కాయిల్స్ ఒక ఫేజు. మూడు ఫేజులు, ముగ్గురు పిల్లలు. పంచడం తేలికైంది.

కాలిన కాయిల్ ఒకటి కోసి చుట్లు లెక్కపెట్టించాను. ముగ్గురూ విడివిడిగా. ముగ్గురికీ నలభై నాలుగే వచ్చింది.

"పాతదానిలో నలభై నాలుగు. కొత్తదానిలోనూ నలభై నాలుగు" అన్నాను.

ముగ్గురూ తలూపారు.

తీగ మా అదృష్టం. బడిలో ఏవో ప్రయోగాల కోసం మెరక వాళ్ళు ఎప్పుడో పంపినవి రెండు చుట్టలు, కట్టు విప్పకుండా, సామాన్ల గదిలో ఉన్నాయి. మందం సరిపోయింది.

19వ రోజు

అమావాస్య. కింది వీధిలో చీలమండల దాకా నీళ్ళు వచ్చి సాయంత్రానికి తీశాయి. నీలవేణి ఆలస్యంగా వచ్చింది. కాళ్ళు కడుక్కుని చుట్టడానికి కూర్చుంది.

చెక్క అచ్చు మీద చుట్టడం ముగ్గురికీ వచ్చింది. నేను పక్కన కూర్చుంటాను. నాకు చూపు ఆనదు. చుట్టిన కాయిల్ని బొటనవేలితో తడిమి పక్కన పెడతాను.

ఇసాకు కాయిల్స్ కొంచెం లావుగా తగిలాయి. వదులుగా చుట్టాడేమో అనుకున్నాను. వాడు బాగా హుషారుగా ఉన్నాడు. అనడానికి మొహమాటమేసింది. ఊరుకున్నాను.

25వ రోజు

గాళ్ళలో కాగితం పెట్టి కాయిల్స్ దించుతున్నాం. ఇసాకువి బిగుతుగా దిగుతున్నాయి. కాయిల్ పైకి లేవకుండా పైన వెదురు బద్ద కొట్టడానికి వాడు చెమటలు కక్కుతున్నాడు.

"వీడి కాయిల్స్ కూడా వీడిలాగే, పిలిస్తే లోపలికి రావు" అంది నీలవేణి.

"నీవైతే సందు దొరికితే చాలు దూరిపోతాయి" అన్నాడు వాడు.

తీగ నేను అనుకున్నదానికన్నా ముందే అడుగంటింది. లెక్క నేనే తప్పాననుకున్నాను. ముసలితనం కదా.

29వ రోజు

కట్టడం అయింది. దారంతో కట్లన్నీ హసీనా వేసింది. ఒక్క ముడి కూడా ఊడలేదు. ప్రతిదీ తనే లాగి చూసుకుంది. నా వంక చూడలేదు.

పైన పొయ్యాల్సిన వార్నిష్ లేదు. ఈసారి పడవలో రాలేదు. పచ్చిగానే బిగించాం. పోటు గడిస్తే చాలు, తర్వాత చూసుకుందామన్నాను.

బడి ఆవరణలో కరెంటు ఇచ్చాం. మోటారు తిరిగింది. దీవెనమ్మ గారు చప్పట్లు కొట్టారు. చిన్న క్లాసుల వాళ్ళు గోల చేశారు. కింది వీధి వాళ్ళు కొందరు గేటు బయట నిలబడి చూసి వెళ్ళారు.

తిరిగేటప్పుడు చిన్న రొద ఉంది. ఆ రొద ఉండకూడదు. ఖాళీ మోటారు కదా అనుకున్నాను.

30వ రోజు

మోటారుని గట్టు మీదికి మోయించి పంపుకి బిగించాం. సత్యానందం మీట వేశాడు. తిరిగింది. గొట్టంలోంచి నీళ్ళు వచ్చాయి గాని, దూకలేదు. కారాయి. రొద పెద్దదైంది.

నేను పిల్లలకి ఒకటి నేర్పాను. మోటారు మీద అరచెయ్యి ఆనించి అయిదు లెక్కపెట్టాలి. పెట్టగలిగితే మంచిది. లేకపోతే ఆపాలి.

పావుగంట అయింది. నీలవేణి చెయ్యి ఆనించింది. మూడు దగ్గర తీసేసింది. ఎవరినీ అడగలేదు, ఎవరి వంకా చూడలేదు. వెళ్ళి మీట దించేసింది.

"ఎవరాపమన్నారు?" అని సత్యానందం అరిచాడు.

"కాలుతోందండీ."

"నీళ్ళు వస్తున్నాయి కదా!"

"వస్తున్నాయి. ఇంకాసేపుంటే రావు."

నేను చెయ్యి పెట్టి చూశాను. ఇంకో అయిదు నిమిషాలైతే తీగ మీది పూత కరిగేది. అదే అయితే చెయ్యడానికి ఏమీ మిగలదు. మా దగ్గర ఇక తీగ లేదు.

సత్యానందం గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. తర్వాత లేచి, కింది వీధిలో చాటింపు వేయిస్తానన్నాడు. సామాన్లు సర్దుకోమని.

ఆ మాట నీలవేణి ముందే అన్నాడు. తను మోటారు విప్పడానికి పానా తీసుకుంది.

31వ రోజు

బడిలో మోటారు విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాం. కనెక్షన్లు చూశాను. సరిగ్గా ఉన్నాయి. కాగితం ఎక్కడా చిరగలేదు. ముళ్ళు ఊడలేదు. తప్పు కనిపించలేదు.

చివరికి ఇసాకు కాయిల్ ఒకటి పైకి లేపి చుట్లు లెక్కపెట్టాను. చూపు ఆనక వేలితో లెక్కపెట్టాను. నలభై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై తొమ్మిదే.

"ఇసాకూ, ఎన్ని చుట్టావు?"

"నలభై నాలుగు తాతా."

"నలభై తొమ్మిదున్నాయి."

"అవును. నలభై నాలుగు చుట్లు, అయిదు కొసరు."

వాడు దాచాలని చూడలేదు. ఇంత అడగడమెందుకన్నట్టు చెప్పాడు.

నీలవేణి వైపు తిరిగాను.

"నేను రెండే వేశాను" అంది. "మా వీధి పని కదా, వీడంత వేస్తే సొంతానికి వేసుకున్నట్టుంటుందని."

హసీనా తన కాయిల్ ఒకదాన్ని తడిమింది. తర్వాత మెల్లిగా, "నేను ఒకటి. తీగ తక్కువగా ఉందని. కానీ అసలు వెయ్యకపోతే బావుండదుగా" అంది.

"కొలత తగ్గించలేదు తాతా" అన్నాడు ఇసాకు. "కొలత పూర్తయ్యాకే వేశాం. మీరు చెప్పినట్టే."

నేను చెప్పినట్టే చేశారు. వాళ్ళు జీవితంలో నేర్చుకున్న వ్యాపారమంతా ఆరో రోజున నేను చెప్పిన ఆ రెండు ముక్కలే.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. పెళ్ళిలో కూడా మా ఆవిడ పేరు చెప్పమంటే పారిపోయాను. ఇవాళ మాట్లాడాను. హసీనా అది ఇక్కడ రాయమంది. గుర్తున్నంత రాస్తున్నాను.

"తప్పు మీది కాదు. నేను సగం చెప్పి ఊరుకున్నాను. రొయ్యలు తినేవి. ఓ గుప్పెడు ఎక్కువైతే తిన్నవాడికి సంతోషం. మోటారులో చుట్టు అలాంటిది కాదు. చుట్టు పెరిగితే బలం తగ్గుతుంది. ఎందుకో నాకు తెలియదు, మా మామకీ తెలియదు, తగ్గుతుంది. పైగా ముగ్గురూ మూడు రకాలుగా వేశారు. ముగ్గురు కలిసి దూలం మోస్తున్నారనుకోండి. ఒకడు బారెడు అడుగేసి, ఒకడు మూరెడు వేసి, ఒకడు జానెడు వేస్తే దూలం ఏమవుతుంది? ఆ రొద అదే. లావుగా ఉన్నాయని నా వేలికి పందొమ్మిదో రోజునే తెలిసింది. అడగలేదు. అడిగి ఉంటే ఇవాళ కింది వీధిలో సామాన్లు కట్టేవాళ్ళు కాదు."



"అయితే మోటారుకి కొసరు ఉండదా?" అన్నాడు ఇసాకు.

ఉంటుంది. మా మామ వేసేవాడు. అది ఏమిటో ఎప్పుడూ పేరు పెట్టి చెప్పలేదు గాని నేను చూశాను. "పనిలో వెయ్యకూడదు. పనయ్యాక వెయ్యాలి. ఒక ముడి చాలిన చోట రెండోది వెయ్యి. తుడిచి ఇవ్వు. పది రోజులయ్యాక, వాళ్ళు పిలవకుండానే వెళ్ళి చెయ్యి పెట్టి చూసి రా. అదీ కొసరు."

31వ రోజు, సాయంత్రం

సత్యానందానికి చెప్పాలి. పిల్లల్ని పంపకుండా నేను వెళ్తానన్నాను.

"దుకాణం మాది" అంది నీలవేణి. నలుగురం వెళ్ళాం.

కింది వీధి మీదుగానే వెళ్ళాలి. మంచాలు అరుగుల మీదికి ఎక్కించారు. నీలవేణి వాళ్ళ నాయనమ్మ బియ్యం డబ్బా మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "ఏమే, మీ మోటారు నీళ్ళు తోడుతుందా, తాగుతుందా?" అంది.

"తోడుతుంది. నువ్వు దిగు, డబ్బా సొట్ట పడుతుంది" అంది నీలవేణి. వీధి మలుపు తిరిగాక కళ్ళు తుడుచుకుంది.

సత్యానందంతో నేనే ముందు నోరు విప్పాను. "తప్పు నాది. మోటారులో చుట్లు ఎక్కువయ్యాయి. మళ్ళీ చేస్తాం."

"ఎన్ని రోజులు?"

"రెండు."

"ఎల్లుండి పొద్దు గూకే లోపు మోటారు గట్టు మీద ఉండాలి బాబాయ్. లేకపోతే లాకు దించుతాను. పై మూడు వీధులూ నా నెత్తి మీదున్నాయి."

"అవును" అన్నాను. ఆయన చెప్పింది న్యాయమే.

32వ రోజు

వార్నిష్ రాలేదని అప్పుడు విసుక్కున్నాను. పోసి ఉంటే ఆ చుట్లన్నీ రాయిలా గట్టిపడేవి, కోసి పారెయ్యడం తప్ప దారి ఉండేది కాదు. పచ్చిగా ఉన్నాయి కాబట్టి విప్పగలుగుతున్నాం.

వెదురు బద్ద లాగాలి. కాయిల్ చివర పట్టుకుని గాడిలోంచి ఒక్కో చుట్టూ బయటికి తియ్యాలి. మిగిలిన తీగకి గోరు కూడా తగలకూడదు. తరవాత కోసి, గీకి, మెలిపెట్టి అతకాలి. ఇసాకు ముప్ఫై తియ్యాలి, నీలవేణి పన్నెండు, హసీనా ఆరు.

హసీనా తన ఆరూ తీసి, అడక్కుండా ఇసాకు పక్కన కూర్చుంది. "ఎంత పెద్ద మనసురా నీది, తీసేవాళ్ళ వేళ్ళు ఊడుతున్నాయి" అంది.

"ఇక ఎవడికీ ఏమీ ఇవ్వను" అన్నాడు వాడు.

కాసేపటికి తను తెచ్చుకున్న రొట్టెలో సగం విరిచి హసీనాకి పెట్టాడు.

33వ రోజు

మధ్యాహ్నానికి అయింది. ప్రతి కాయిల్నీ ముగ్గురూ ఒకరిది ఒకరు లెక్కపెట్టారు. నలభై నాలుగు. పద్దెనిమిది సార్లు నలభై నాలుగు.

ఎవరూ నన్ను సరేనా అని అడగలేదు. నేనే అడిగాను. "సరేనా?"

"సరే" అంది నీలవేణి.

చీకటి పడక ముందే గట్టు మీద బిగించేశాం.

34వ రోజు

పోటు ఉదయం తొమ్మిదింటికి నిండుతుందని లెక్క. ఎనిమిదింటికే గట్టు అవతల నీళ్ళు మా తలల కన్నా ఎత్తున ఉన్నాయి. ఇవతల ఊట ఉడుకుతున్న అన్నంలా పైకి వస్తోంది. సత్యానందం లాకు దగ్గర నిలబడ్డాడు, చెయ్యి చక్రం మీద ఉంచి.

మూడు మోటార్లూ వేశారు. మా మోటారు రొద లేకుండా తిరిగింది. నీళ్ళు గొట్టంలోంచి దూకి గట్టు అవతల పడ్డాయి.

కింది వీధిలో నీళ్ళు అరుగు మొదటి మెట్టు మునిగేదాకా వచ్చాయి. రెండో మెట్టు మీదికి పాకాయి. మూడో మెట్టు మునిగితే లాకు దించుతానని సత్యానందం ముందే చెప్పాడు. పిల్లలు వంతులవారీగా మోటారు మీద చెయ్యి పెట్టారు. నీలవేణి వంతు వచ్చినప్పుడు అయిదు దాటి పది దాకా లెక్కపెట్టింది. వీధి వైపు తిరగలేదు.

తొమ్మిదీ ముప్పావుకి ఇసాకు పరుగున వచ్చి, "నీళ్ళు రెండో మెట్టు దిగిపోయాయి" అన్నాడు.

సత్యానందం చక్రం మీంచి చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "రాగి తీసుకెళ్ళండ్రా" అన్నాడు.

44వ రోజు

పోటు తర్వాత పదో రోజు. పొద్దున క్లాసుకి వచ్చేసరికి పని గది ఖాళీ. ముగ్గురూ గట్టు మీదున్నారు. ఎవరూ పిలవలేదు, నేనూ చెప్పలేదు. హసీనా మోటారు తుడుస్తోంది. ఇసాకు వదులుగా ఉన్న గొట్టానికి రెండో కట్టు వేస్తున్నాడు. నీలవేణి అరచెయ్యి ఆనించి లెక్కపెడుతోంది.

సత్యానందం దూరంగా నిలబడి చూస్తున్నాడు. "ఏంటిది బాబాయ్? చెడలేదుగా?" అని నన్నడిగాడు.

"కొసరు" అన్నాను.

ఆయన పోయేముందు రెండో మోటారు వైపు చెయ్యి చూపి, "దానికీ కాస్త రొద ఉంది, చూడండి" అన్నాడు. మాకు రెండో పని దొరికినట్టే.

దిబ్బల మధ్య తిరిగే ఉప్పు పడవ రేపు మీ దిబ్బకి వస్తుందట. ఈ కాగితాలు అందులో పంపుతున్నాను. వీటితో పాటు చిన్న పొట్లం కూడా ఉంటుంది. అందులో మేము బయటికి తీసిన నలభై ఎనిమిది చుట్ల తీగ. పూత చెడలేదు. అన్నీ ముక్కలు. కాయిల్‌కి పనికిరావు, కనెక్షన్లకి పనికొస్తాయి. మీకు పంపాలని పిల్లలే అనుకున్నారు. అది కొసరని, కాయిల్లో కలపవద్దని రాయమంది హసీనా.

మీ పిల్లలకి మీరు నాకన్నా కొంచెం ఎక్కువ మాట్లాడండి.

ఇంకొక సంగతి. మా మోటారు ఇంకా పచ్చిగానే ఉంది. గట్టు మీద తేమకి ఎన్నాళ్ళాగుతుందో చెప్పలేను. మీ సామాన్ల గదిలో వార్నిష్ డబ్బా ఒక్కటైనా ఉంటే వచ్చే పున్నమిలోగా కావాలి. ఉంటే ఉందని రాయండి. లేకపోయినా లేదని రాయండి, వేరే దారి చూసుకుంటాం. ఉప్పు పడవ మీ దగ్గర రెండు రోజులు ఆగి మళ్ళీ ఇటే వస్తుంది. ఆ రెండు రోజుల్లోనే జవాబు రాసి అదే పడవలో పంపించండి.

ఇట్లు,
సైకం పోతురాజు